నిద్రగన్నేరుకు మెలకువ

"ఇవాళ ఆయన్ని మెలకువగా ఉంచి తీరాలి మేడమ్!" అంటూ మిరపకాయ చేతిలోని గాజు పళ్ళేన్ని ఠక్కున బల్లమీద పెట్టింది.

"నెమ్మదే! అది పగిలితే మూడేళ్ళ కష్టం నేలపాలు," అంది పెద్ద మేడమ్.

క్యాన్సర్ మీద పనిచేసే ఆ ల్యాబులో మిరపకాయ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. ముక్కుమీద కోపం, నాలుకమీద కారం. ఇక మెలకువగా ఉంచాల్సిన పెద్దమనిషి ఎవరంటే, మధ్యాహ్నం మీటింగుకు వస్తున్న కమిటీ అధ్యక్షుడు. ఆయన సరేనంటే మిరపకాయ పని సాగుతుంది. కాదంటే ఆమె పెంచుతున్న కణాలన్నీ చెత్తబుట్టకు పోతాయి.

ఆయనకు ల్యాబు పెట్టుకున్న పేరు నిద్రగన్నేరు. పొద్దు వాలగానే ఆకులు ముడిచే ఆ చెట్టులాగే, తెరమీద మొదటి బొమ్మ పడగానే ఈయన రెప్పలు వాల్చేస్తాడు. తర్వాత గురక, కునికిపాట్లు. వేదిక మీద ఎవరు గొంతు చించుకున్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే.

"పడుకుంటే పడుకోనీ. నీ బొమ్మలు నువ్వు చూపించు, చెప్పాల్సింది చెప్పు, దిగిపో," అంది పెద్ద మేడమ్.

"వినకుండా ఎలా ఒప్పుకుంటారు మేడమ్? మా పిన్నికి మందులెక్కించి క్యాన్సర్ అంతా పోయిందన్నారు. ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఎందుకొచ్చిందో ఈ పళ్ళెంలో ఉంది. అది ఆయన చెవిన పడాలా వద్దా?" ఈసారి మిరపకాయ మాటలో ఉన్నది కారం కాదు, దిగులు.

పెద్ద మేడమ్ ఆమె భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పబోయింది. అంతలో ఫోను మోగింది. అతిథుల కార్లు గేటు దగ్గరికి వచ్చేశాయట. "నా మాట విను. ఆయన జోలికి మాత్రం పోకు," అంటూ పరుగెత్తింది.

మిరపకాయ పళ్ళేన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. మందు పోయగానే, గబగబా తిని గబగబా పెరిగే కణాలన్నీ టపటపా రాలిపోయాయి. ఓ మూల, క్యాన్సర్‌కు విత్తనాల్లాంటి మూలకణాలు నాలుగైదు మాత్రం దుక్కల్లా ఉన్నాయి. మహా జాణలవి! మందు తగలగానే చక్కెర మానేసి, దాచుకున్న కొవ్వును సన్నని సెగ మీద కాల్చుకుంటూ, ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటాయి. పరుగెత్తేవాటిని కొట్టే మందుకు పడుకున్నవి దొరకవు. గండం గడిచాక లేచి, మళ్ళీ సంసారం మొదలుపెడతాయి.

మిరపకాయ ఉపాయం ఒకటే, వాటికి కొవ్వు అందకుండా చెయ్యడం. కొవ్వు లేకపోతే నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే మందు చేతికి చిక్కుతాయి. అయితే దీనికో షరతు ఉంది. దాన్ని తనే ఎర్ర సిరాతో రాసి గోడకు అంటించింది. 'లేపేముందు మందు సిద్ధంగా ఉందో లేదో చూసుకో.'

చూస్తూ చూస్తూ ఉండగా ఆమెకు తటాలున తట్టింది. కొవ్వు! అంతే, ఒక్క ఉదుటున క్యాంటీనుకు పరుగు తీసింది.

"అత్తా, అధ్యక్షుడుగారి భోజనంలోకి ఏం చేశావ్?"

"ఎప్పుడూ చేసేవే. వేపుళ్ళు, వెన్న రాసిన రొట్టెలు, గిన్నెడు మీగడ," అంది క్యాంటీన్ అత్త గర్వంగా.

"అన్నీ తీసెయ్. ఉడికించిన గింజలు, దోసకాయ ముక్కలు, పాలు లేని కాఫీ పెట్టు. చాలు."

"ఓసి నీ దుంపతెగ! ఆకలికి ఆయన నన్ను నమిలేస్తాడే!"

"ఆ పాపం నాది అత్తా. పుణ్యముంటుంది, పెట్టు."

మీటింగు మొదలైంది. దీపాలు ఆర్పారు. తెరమీద మొదటి బొమ్మ పడింది. నిద్రగన్నేరుగారి రెప్పలు వాలలేదు! అయిదో బొమ్మకు కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగాడు. మిరపకాయకు ఏనుగెక్కినంత సంబరమైంది. గొంతు పెంచి, చేతులు తిప్పుతూ, కొవ్వు గుట్టంతా విప్పి చెప్పింది. మీటింగు వివరాలు రాసే గుమాస్తా మాత్రం కలం పైకెత్తి పట్టుకుని, అధ్యక్షుడి వంకే బిత్తరచూపులు చూస్తున్నాడు. పెద్ద మేడమ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆనందం పట్టలేకపోతోంది కాబోలు అనుకుంది మిరపకాయ.

దీపాలు వెలిగాయి.

"భేష్ అమ్మాయీ! ఒక్క ముక్క వదలకుండా విన్నాను," అన్నాడు అధ్యక్షుడు. "ఒక్కటే సందేహం. పడుకున్నవాటిని లేపుతావు, బాగానే ఉంది. లేచినవి నీ మందుకు చావకపోతే?"

గోడమీది ఎర్ర సిరా ఆమె కళ్ళముందు ఆడింది. "అది... ఇంకా చూడలేదండీ."

"అలాగా! అయితే దీనికి నేను సరే అనలేను. అన్నట్టు, ఈ ల్యాబులో నేను ఒప్పుకున్నవి చాలా ఉన్నాయటగా? ఒక్కటీ విన్న గుర్తు లేదు. అన్నీ పట్రండి, ఇవాళే వింటాను. ఏదీ, ఇంకో కాఫీ!"

గదిలో ఉన్నవాళ్ళందరూ మిరపకాయను కొరకొరా చూశారు. ఆమె కళ్ళనీళ్ళు మింగుకుంటూ వచ్చి పెద్ద మేడమ్ పక్కన కూలబడింది.

"వింటే ఒప్పుకుంటారనుకున్నాను మేడమ్. మరి ఇన్నాళ్ళూ ఏమీ వినకుండా అన్నిటికీ ఎలా ఒప్పుకున్నారు?"

పెద్ద మేడమ్ నుదురు కొట్టుకుంది.

"కునికిపాట్లలో ఆయన తల కిందికీ పైకీ ఊగేది కదే పిచ్చిదానా... దాన్ని చూసే గుమాస్తా 'సరే' అని రాసుకునేవాడు!"