నాలుగో పేరా

“అమ్మాయ్, ఈ నాలుగో పేరా నాకు ఎక్కలేదు.”

సోమవారం పొద్దున్నే ముసలాయన ఆదివారం అనుబంధాన్ని పత్రికాఫీసు కౌంటరు మీద పరిచి, వేలు పెట్టి చూపించాడు. మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెటరు, దారంతో కట్టిన కళ్లజోడు.

అనుబంధం ప్రూఫులు దిద్దే ట్రైనీ అమ్మాయిదే పొద్దున పూట కౌంటరు కూడా.

వంగి చూసింది. ఆర్థిక నిపుణుడి వ్యాసం. ఆయన్ని ఆఫీసులో ఎవరూ చూడలేదు. ప్రతి గురువారం పోస్టులో టైపు కాగితాలొస్తాయి, అంతే.

“ధరలు పెరుగుతాయన్న అంచనాయే ధరల పెరుగుదలకు ప్రేరకమట. ఏంటమ్మా ఇది?”

“ఏం లేదు తాతగారూ. సబ్బు ధర పెరుగుతుందని మా అమ్మ విందనుకోండి. ఒకటి కొనేది నాలుగు కొంటుంది. వీధి వీధంతా అలాగే కొంటే? ఆ ధర రేపటిదాకా ఆగదు, ఇవాళే పెరుగుతుంది.”

“ఓస్, ఇంతేనా! మరి ఇలాగే వేయొచ్చుగా?”

“అమ్మో! ఆయన వ్యాసంలో కామా కూడా కదపకూడదు. అసలే ఆరు నెలల ట్రైనీని. ఉద్యోగం ఊడుతుంది.”

“ఏం చదివావు?”

“డిగ్రీ. మా ఇంట్లో నేనే మొదటిదాన్ని.”

“మరి మీ అమ్మకి అర్థమయ్యేట్టు ఎవరు రాస్తారు?” అంటూ పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ప్రతి సోమవారం వచ్చేవాడు. ప్రతిసారీ నాలుగో పేరాయే.

“మీ నాలుగో పేరా తాత వచ్చాడు, ట్యూషన్ చెప్పుకో పో,” అని ఆఫీసంతా ఆటపట్టించేది.

ఐదో వారం ఆ అమ్మాయి తెగించింది. నాలుగో పేరా కొట్టేసి, అమ్మకి చెప్పినట్టు రాసి అచ్చుకు పంపేసింది.

ఎడిటర్ గారు మండిపడ్డారు. “ఎవర్నడిగి మార్చావ్? ఆయన ఒక్క మాటన్నాడో, నువ్వు ఇంటికే!”

నిపుణుడు ఏమీ అనలేదు. గురువారం కవరు మామూలుగానే వచ్చింది.

దాంతోపాటు ఉత్తరాలూ వచ్చాయి. ఒక దర్జీ, ఒక బస్సు డ్రైవరు, ఒక నర్సు. అందరిదీ ఒకే మాట: మొదటిసారి చివరిదాకా చదివాం.

ఎడిటర్ గారు గొంతు సవరించుకున్నారు. “సరేలే, ఇకనుంచి ఆ నాలుగో పేరా సంగతి నువ్వే చూడు.”

ఆరు నెలలు నిండాక ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది.

ఆ మాట ముందు తాతగారికే చెప్పాలని సోమవారం కౌంటరు వదల్లేదు. ఆయన రాలేదు.

మంగళ, బుధవారాలు కూడా గుమ్మం వైపే చూసింది. ఇన్నాళ్లలో ఆయన పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

గురువారం కవరు పోస్టులో రాలేదు. ఒకావిడ స్వయంగా పట్టుకొచ్చింది.

“మీకు వ్యాసాలు పంపేది మా నాన్నగారేనమ్మా. ఆదివారం పోయారు. ఇది బల్ల మీద ఉండిపోయింది.”

“అయ్యో...” అంటూ అమ్మాయి కవరు విప్పింది.

మూడు పేరాలు టైపు చేసి ఉన్నాయి. తర్వాత నాలుగు వేళ్ల మేర ఖాళీ. దాని కింద ఐదో పేరా.

ఆ ఖాళీలో పెన్సిలుతో రాసి ఉంది: “ఈ చోటు కౌంటరు దగ్గరి అమ్మాయిది. ఇది నాకు చేతకాని పని. సోమవారం వచ్చి ఎప్పటిలాగే చెప్పించుకుంటాను.”