పల్లీలు లేని కూర

"గీ కూరల పల్లీలు ఉన్నయా, లేవా? గంతే చెప్పు తమ్మీ" అన్నాడు లింగమూర్తి, మెనూ కార్డులో ఒక కూర పేరు మీద వేలు పెట్టి.

కొండాపూర్‌లోని ఆ రెస్టారెంట్ అప్పుడే తెరిచారు. ఏసీ ఇంకా చల్లబడలేదు. మేనేజర్ రోహిత్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. నలిగిన చొక్కా, నాలుగైదు రోజులుగా గీయని గడ్డం, చంకలో చుట్టిన విస్తరాకు. మెడలో ఐడీ కార్డులు వేసుకుని వచ్చేవాళ్ల కోసం పెట్టిన హోటల్లో ఈ మనిషికి ఏం పనో అతనికి అర్థం కాలేదు.

"కాజూ పనీరే కదండీ? ఇదిగో, జీడిపప్పు గ్రేవీ అని రాసే ఉంది. పల్లీలు ఎందుకుంటాయి?"

"రాసింది మా బిడ్డ గూడ చదివింది. నువ్వు వంటాయన్ను అడిగి చెప్పు."

"మా మెనూలో అన్నీ క్లియర్‌గా ఉంటాయండీ. చూడండి, వెజ్‌కి పచ్చ చుక్క. కారానికి మిరపకాయ బొమ్మ. జైన్ వాళ్లకి ఒక గుర్తు, కీటో వాళ్లకి ఒకటి, వీగన్‌కి ఆకు బొమ్మ..."

"పల్లీలకు ఏం బొమ్మ?"

రోహిత్ కార్డును అటూ ఇటూ తిప్పాడు. పల్లీలకు బొమ్మ లేదు.

"కారం నాలుకకే తెలుస్తది. దానికి మూడు మిరపకాయలు గీసిన్రు. తెల్వకుంట లోపలికి పొయ్యేదానికి ఒక్క గీత లేదు."

రోహిత్‌కు చిర్రెత్తుకొచ్చింది. పన్నెండున్నరకు పక్క బిల్డింగ్ కంపెనీ వాళ్ల టీమ్ లంచ్ ఉంది. నలభై మంది. టేబుళ్లు కలపాలి, పూలు పెట్టించాలి. పొద్దున్నే ఈ పల్లీల గోల ఏమిటి?

"ఎవరికండీ ఇంత పట్టింపు?"

"మా బిడ్డకు. హర్షిణి. పల్లీలు అస్సలు పడవు. బడికి పొయ్యేటప్పుడు ఎవలో పల్లిపట్టి ముక్క పెడితె గొంతు వాసింది, ఊపిరాడలే. దవాఖానల మూడు దినాలున్నం. అప్పటి సంది మా ఇంట్ల పల్లి గింజ లేదు, పల్లి నూనె లేదు. జీడిపప్పుకు ఏం గాదు. గీ కూరంటే పానం ఆమెకు. గీ పక్క బిల్డింగే ఆమె ఆఫీసు."

"అయితే పాపనే తీసుకురావాల్సిందండీ. వేడివేడిగా తినేది."

"ఆమె రాదు. నేనే కొంచవోవాలె. పన్నెండు దాటొద్దు. ఆమె తినేదాంక ఇంట్ల ఎవ్వలు బుక్క ముట్టరు."

బాగా గారాబం చేసి పెంచినట్టున్నారు అనుకున్నాడు రోహిత్. ఈయన్ని ఎలాగైనా వదిలించుకుంటే చాలని వంటగదిలోకి కేకేశాడు.

వంటమనిషి ఈశ్వరయ్య తువాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "కాజూ పనీరా? జీడిపప్పే సారు" అని రోజూ చెప్పేదే చెప్పి వెనక్కి తిరగబోయాడు.

"అన్నా, నీకు దండం పెడ్త. నిజం చెప్పు."

లింగమూర్తి నిజంగానే చేతులు జోడించాడు. వయసులో పెద్దవాడు అలా నిలబడితే ఈశ్వరయ్యకు కాళ్లు ముందుకు సాగలేదు. ఒకసారి మేనేజర్ వంక చూసి, తల దించుకున్నాడు.

"రెండు నెలల సంది సగం పల్లీలే ఏస్తున్నం. కాజు రేటు పెరిగి పిరమైంది. పొట్టు తీసి నానబెట్టి, రెండు కలిపి రుబ్బితే ఎవ్వలు గుర్తువట్టరు. ఓనర్ సారే చెయ్యమన్నడు."

రోహిత్ ముఖం పాలిపోయింది. ఈ సంగతి అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎన్నడూ అనుకోలేదు, అదీ నిజమే.

ఇక ఈయన అరుస్తాడు, వీడియో తీస్తాడు, పోలీసులంటాడు అని బిక్కుబిక్కుమంటూ చూశాడు. లింగమూర్తి అరవలేదు. కౌంటర్ అంచు గట్టిగా పట్టుకున్నాడు. గొంతు నెమ్మదిగానే వచ్చింది.

"ఉత్త జీడిపప్పు ఏసి కొత్తగ చెయ్యి అన్నా. మిక్సీ గడుగు. గిన్నె గడుగు. గరిటె గూడ."

ఈశ్వరయ్య అన్నీ రెండేసి సార్లు కడిగాడు. లింగమూర్తి వంటగది గుమ్మంలో నిలబడి, ఏ డబ్బాలోంచి ఏం తీస్తున్నాడో కన్నార్పకుండా చూశాడు. కూర ఉడుకుతుండగా వచ్చి, కౌంటర్ మీది పెన్ను తీసుకుని, మెనూ కార్డులో కాజూ పనీర్ కింద 'పల్లీలు ఉన్నయి' అని రాశాడు. రోహిత్ ఆపలేదు.

"ముందే అడిగి మంచి పని చేశారు సార్" అన్నాడు. అండీ పోయి ఇప్పుడు సార్ వచ్చింది. "లేకపోతే ఎంత ఘోరం జరిగిపోయేది!"

లింగమూర్తి గోడ గడియారం చూశాడు. పదకొండున్నర.

ఈశ్వరయ్య కూరను ప్లాస్టిక్ డబ్బాలో పోయబోతే, "డబ్బల వద్దు. అన్నం బెట్టి, దాని మీద కూర ఏసి, గిండ్లనే కట్టు" అని విస్తరాకు ఇచ్చాడు. ఈశ్వరయ్య ఆకు పరిచి అన్నం, కూర పెట్టాడు. పొట్లం కట్టి, రెండు చేతులతో అందించాడు.

రోహిత్ తలుపు దాకా వెంట వచ్చాడు.

"ఇది మా తరఫున సార్, డబ్బులేం వద్దు. పాప తిన్నాక ఎలా ఉందో యాప్‌లో రెండు మాటలు రాసి, మంచి రేటింగ్ పెట్టమనండి. చాలు."

లింగమూర్తి పొట్లాన్ని గుండెకు ఆనించుకుని వెనక్కి తిరిగాడు.

"పోయిన వారం మీ దగ్గర తిన్నదే నా బిడ్డకు ఆఖరి బుక్క తమ్మీ, మూడొద్దులనాడు గోడ మీద ఏం పెట్టినా కాకి ముట్టలే, ఇయ్యాల ఐదొద్దులు, గిదన్న ముడ్తదేమో చూడాలె."