రెండు వాట్లు

బెల్టు దెబ్బ చెళ్ళున మోగింది. సోఫాలో కూర్చున్న చెన్నయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. గోడకు స్పీకరు తప్ప ఇంకేమీ లేదు.

“వెయ్యి వాట్లంట. మా మధు ఏది కొన్నా గిట్లనే కొంటడు,” అన్నాడు.

మధు ఆయన అన్న కొడుకు. తొండుపల్లిలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో హోం థియేటర్ పెట్టించి, వినడానికి రమ్మని అందరినీ పిలిచాడు. కూల్‌డ్రింకులు తేవడానికి శంషాబాద్ వెళ్ళాడు. టీవీ ఇంకా గోడకెక్కలేదు. అతను వచ్చేలోపు వింటుండమని అతని భార్య నిర్మల తన ఫోన్‌ను స్పీకర్లకు కలిపింది.

గాజు గ్లాసు భళ్ళున పగిలింది. తర్వాత తల గోడకు కొట్టుకున్న చప్పుడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. నోట్లో కొంగు కుక్కుకున్నట్టు ఎవరో ఆడమనిషి మూలిగింది. మళ్ళీ బెల్టు.

“ఏం సినిమానే ఇది? బంద్ చెయ్యరాదు,” అంది పక్కింటి రుక్మిణమ్మ.

“జర ఓపిక పట్టు అత్తా. ఇంక కొంచెమే ఉన్నది,” అంది నిర్మల.

ఇంటి మీదుగా విమానం వెళ్ళింది. దాని మోతలో కూడా ఆ మూలుగు వినిపించింది.

“వెయ్యి వాట్లూ కాలుతున్నయా మంజూర్?” అని స్పీకర్లు బిగించిన మనిషిని అడిగాడు చెన్నయ్య.

మంజూర్ తీగకు మీటరు పెట్టి చూశాడు. “లేదు చాచా, రెండే. వెయ్యి దాని తాకత్, గంత దాక మోస్తది. ఇల్లంతా వినపడనీకి రెండు వాట్లు చాలు.”

“ఇల్లంతా వినపడుతదా అని పొద్దున నేనూ అడిగిన,” అంది నిర్మల.

ఎవరినో కాలితో తన్నారు. మనిషి నేల మీద పడింది. పడినా తన్నులు ఆగలేదు. రుక్మిణమ్మ చెవులు మూసుకుంది. చెన్నయ్య మొహంలో నవ్వు పోయింది.

“గిసంటోన్ని నడిబజార్ల నిలవెట్టి తన్నాలె.”

అప్పుడే మధు గుమ్మంలోకి వచ్చాడు. ఒక్క క్షణం విన్నాడు. చేతిలోని సంచి జారి సీసాలు దొర్లాయి. ప్లగ్గు మీదికి ఉరికాడు. చెన్నయ్య అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఉండురా. వాడెవడో తెల్వనియ్యి.”

అప్పటిదాకా నోరు విప్పని ఆ కొట్టేవాడు మొదటిసారి మాట్లాడాడు. “అరిస్తే చంపుత నిర్మలా,” అన్న మధు గొంతు నాలుగు గోడల నుంచీ స్పష్టంగా వినిపించింది.