ఆయన వచ్చేలోగా

“గడియ లోపల కాదు, బయటివైపు పెట్టండి,” అన్నాడు ఆ ఇంటి పనులు చూసుకునే పెద్దాయన.

మేస్త్రీ కంచె తలుపు పట్టుకుని ఆగిపోయాడు. పదేళ్ళుగా ఇళ్ళ పెరళ్ళలో ప్లాస్టిక్ పచ్చిక పరిచి టెన్నిస్ కోర్టులు వేస్తున్నాడు గానీ, ఇలాంటి కోరిక ఎక్కడా వినలేదు.

“బయటా? లోపల ఆడేవాళ్ళు బయటికెలా వస్తారండీ మరి?”

“పిలిస్తే నేను తీస్తాగా. పెట్టండి.”

కంకర మీద రాతిపొడి సర్దుతున్న మేస్త్రీ బావమరిది కిసుక్కున నవ్వాడు. “పెట్టు బావా, మనదేం పోయింది?”

అంతలో వెనక వరండాలోంచి అమ్మగారి కేక వినిపించింది. అరవై దాటిన మనిషి. కాళ్ళకి తెల్లబూట్లు, ముంజేతికి చెమట పట్టీ. ఎప్పుడు చూసినా ఆటకి బయల్దేరినట్టే ఉంటుంది.

“మేస్త్రీ! ఎప్పటికవుతుందయ్యా?”

“శనివారానికమ్మా.”

“రేపు మావారు వస్తున్నారు. ఆయన వచ్చేలోగా అయిపోవాలి.” పెద్దాయన వైపు తిరిగింది. “నువ్వేంటి, గుడ్లప్పగించి చూస్తున్నావ్? వాళ్ళకి మంచినీళ్ళిచ్చావా?”

“ఇస్తున్నానండీ.”

ఎప్పటికవుతుందని పొద్దుటినుంచి ఆవిడ అడగడం అది నాలుగోసారి. పెద్దింటివాళ్ళ తొందర ఇలాగే ఉంటుందని మేస్త్రీ సరిపెట్టుకున్నాడు.

మర్నాడు పచ్చిక చుట్టలు దిగాయి. ఇంటాయన మాత్రం రాలేదు. చుట్టలు విప్పి ఎండలో పరిచి, అంచులు కోసి, అతుకు దగ్గర జిగురు పూస్తుంటే పెద్దాయన పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

“ఈ అతుకు ఎడమ మూలకి రాకుండా చూడండి. ఆవిడది ఎడంచేతి వాటం. ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. కాలు తట్టుకుంటే కష్టం.”

“తట్టుకోదండీ, నాది హామీ. మీకు ఆట బాగా తెలిసినట్టుందే?”

“చూసీ చూసీ వచ్చింది.”

ఆ తర్వాతి రోజు పొద్దున్నే వచ్చిన మేస్త్రీకి కారుషెడ్డులో మడతమంచం, దాని మీద దుప్పటి కనిపించాయి. పెద్దాయన నడుం పట్టుకుని లేస్తున్నాడు.

“అంత పెద్ద ఇల్లుండగా ఈ షెడ్డులో పడకేంటండీ?”

“లోపల మగమనిషి పడుకుంటే ఆవిడకి భయం. నిద్రపోదు.”

“మరీ విడ్డూరం! ఈ వయసులో మిమ్మల్ని చూసి భయమేంటి?”

పెద్దాయన దుప్పటి మడతపెట్టి, మంచం గోడకి ఆనించాడు.

ఆరోజూ అమ్మగారు వరండాలో కుర్చీ వేయించుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంది. కారు చప్పుడైతే చాలు, లేచి నిలబడుతుంది. కారు వెళ్ళిపోయాక మళ్ళీ కూర్చుంటుంది. పెద్దాయన పళ్ళెంలో అన్నం తెస్తే, “ఆయన రాకుండా నేనెలా తింటాను?” అని పక్కకి నెట్టేసింది. “ఆయన ఫోన్ చేశారండీ, మిమ్మల్ని తినెయ్యమన్నారు,” అన్నాడు పెద్దాయన. అప్పుడు తింది.

“బావా, ఆ మహానుభావుడు వచ్చేసరికి నాకు మనవలు పుట్టేట్టున్నారు,” అన్నాడు బావమరిది. మేస్త్రీకి నవ్వు రాలేదు. ఆవిడ చూపు చూసి, మళ్ళీ జిగురు డబ్బా అందుకున్నాడు.

శనివారం తెల్లగీతలు అతికించి, పచ్చిక మీద సన్నటి ఇసుక చల్లి చీపుళ్ళతో సర్దుతున్నారు. పెద్దాయన తనూ ఒక చీపురు అందుకున్నాడు. మేస్త్రీ ఇక ఉండబట్టలేకపోయాడు.

“ఓ మాటంటాను, ఏమీ అనుకోకండి. ఆ మనిషి రాడు. ఎక్కడో ఇంకో కాపురం పెట్టుంటాడు. కట్టుకున్నదాన్ని ఇలా మీ నెత్తిన వదిలేసి ఊళ్ళు తిరిగేవాడు అసలు మొగుడేనా?”

పెద్దాయన చేతిలో చీపురు ఆగింది.

“అలాంటివాడు కాదు లెండి.”

“మీరింకా వెనకేసుకొస్తున్నారా? ఆవిడ ప్రాణాలన్నీ గుమ్మంలో పెట్టుకుని కూర్చుంటే?”

“రావాలనే ఉంది, అతని వల్ల కావట్లేదు, మేస్త్రీగారూ,” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి నెట్టు బిగించారు. అమ్మగారు బ్యాటు పట్టుకుని దిగింది. పచ్చిక మీద రెండడుగులు వేసి, ఆగి, మడమతో నొక్కి చూసుకుంది. అవతల పెద్దాయన ఒక్కో బంతీ ఆవిడ ఎడంచేతికి సరిగ్గా అందేట్టు వేస్తున్నాడు. ఆవిడ కొడుతోంది. ఒకటి, రెండు, పది. నెట్టుకి తగిలితే పకపకా నవ్వుతోంది. ఇన్ని రోజుల్లో ఆవిడ నవ్వడం మేస్త్రీ చూడటం అదే మొదటిసారి.

అలసిపోయి చెమట తుడుచుకుంటూ నెట్టు దగ్గరకొచ్చింది.

“బానే ఆడతావే నువ్వు! మావారు రానీ, నిన్ను పనిలోంచి తీసెయ్యొద్దని చెప్తాను.”

“చెప్పండమ్మా.”

“నేను కాసేపు నడుం వాలుస్తాను. ఆయన వస్తే లేపు. మర్చిపోకు.”

“మర్చిపోను.”

పెద్దాయన ఊరికే దగ్గరకేసి ఉన్న కంచె తలుపు తీసి, ఆవిడ మెట్లెక్కి లోపలికి వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాడు.

బావమరిది సామాను బండిలో సర్దేశాడు. మేస్త్రీ పని పూర్తయినట్టు రాసిన కాగితం తీసి పెద్దాయనకిచ్చాడు.

“దీని మీద అమ్మగారి భర్త సంతకం కావాలండీ. ఆయనెప్పుడైనా వస్తే పెట్టించి పంపండి.”

పెద్దాయన జేబులోంచి కలం తీశాడు. కాగితాన్ని కంచె స్తంభానికి ఆనించి, తనే సంతకం చేసి ఇచ్చాడు.

“మీది కాదండీ,” అన్నాడు మేస్త్రీ విసుగ్గా. “ఆవిడ ఎవరికోసం ఎదురుచూస్తోందో, ఆయనది.”

పెద్దాయన మూసి ఉన్న పడగ్గది కిటికీ వైపు చూశాడు.

“నాకోసమే,” అన్నాడు.