కొటేషన్ బయట

ఏ బ్లడ్ గ్రూపు మీద నొక్కినా జాబితా తెరుచుకోవడం లేదు.

కర్నూలు రక్తదాతల వెబ్‌సైటు రేపు ఉదయం మొదలవ్వాలి. ఆఫీసులో చేరి నెల తిరగని శ్రీవిద్యకు చెమటలు పడుతున్నాయి. ‘లిస్ట్3’ అని అంకె వేసి రాస్తే మూడో జాబితా వస్తోంది. నొక్కిన గ్రూపు అంకెను ‘ఎన్’ అనే వేరియబుల్‌లో ఉంచి, ‘లిస్ట్ఎన్’ అని రాస్తే ఏదీ రావడం లేదు.

“కిరణ్‌కుమార్ సార్ ఉండాడా తల్లీ?”

గుమ్మంలో అరవై ఏళ్ల మనిషి. చెప్పులు బయటే విడిచాడు.

“బయటికి పోయినాడు. ఏం పని?”

“పనేం లేదమ్మా. ఊరికే చూసిపోదామని వచ్చినా.”

“ఆ బెంచీ మీద కూర్చోండి.”

ఆయన కూర్చోలేదు. ఆమె కుర్చీ వెనక నిలబడి తెర వైపే చూశాడు.

“ఆ ఎన్ కొటేషన్ల లోపల ఉండాది తల్లీ.”

“ఏమి?”

“లోపలుంటే అది ఉత్త అక్షరమే. దాంట్లో దాచిన అంకె కంప్యూటర్‌కు కనపడదు. లిస్ట్ కాడ కొటేషన్ మూసి, ప్లస్ గుర్తు పెట్టి, ఎన్‌ను బయట రాయల్ల.”

శ్రీవిద్యకు చిరాకేసింది.

“నాకు శానా పనుండాది పెద్దాయనా. సార్ వచ్చినాక రాండి.”

“సరే తల్లీ.”

ఇంకో నిమిషం తెరనే చూసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రెండు గంటలు ఏవేవో మార్చి చూసింది. చివరికి, ఎవరూ చూడడం లేదు కదా అని, ఎన్‌ను కొటేషన్ బయటికి తెచ్చింది.

నొక్కింది. ఓ పాజిటివ్ వాళ్ల పేర్లు వరసగా తెరుచుకున్నాయి. ఎనిమిది గ్రూపులూ పనిచేశాయి.

గబగబా కిందికి దిగింది. వీధి చివరిదాకా వెతికింది. ఆయన లేడు.

తిరిగొచ్చేసరికి కిరణ్‌కుమార్ తన సీట్లో ఉన్నాడు. జరిగిందంతా చెప్పింది.

“పెద్దసుబ్బయ్య. ఓర్వకల్లులో సైకిల్ షాపు” అన్నాడతను.

“సైకిల్ షాపాయనకు ఇదెట్ల తెలుసు సార్?”

కిరణ్‌కుమార్ ఆమె తెర వైపు చూశాడు.

“నీకు ముందు ఈ పేజీ రాస్తాండిన వేణుగోపాల్ మార్చిలో యాక్సిడెంట్‌లో పోయినాడు. వాని నాయనే. అప్పట్నుంచి కొడుకు నోటుపుస్తకాలు పెట్టుకుని ఒక్కో లైనే నేర్చుకుంటాండాడు. వాడు మొదలుపెట్టిన పేజీ పనిచేస్తా ఉంటే ఒక్కసారి చూస్తానంటే, నేనే ఈ పొద్దు రమ్మన్నా.”