వెనక వచ్చే బండి

"అన్నా! ఒక్క నిమిషం ఆగండన్నా. ఒక చెయ్యి వెయ్యండి!"

పరుగు ఆపకుండానే తల తిప్పి చూశాడు మోహన్‌కృష్ణ.

రోడ్డు పక్క గుంటలో ఒకామె పడి ఉంది. చొక్కా లేని మనిషి ఒకడు ఆమె మీదికి వంగి, తలకు గుడ్డ అదిమి పట్టుకున్నాడు.

"ఎవడో బైకుతో గుద్దేసి పోయినాడన్నా. నెత్తురు ఆగడం లేదు. ఇద్దరం పట్టుకుంటే పైకి మోసుకుపోవచ్చు."

మోహన్‌కృష్ణ చేతిలో ఉదయగిరి క్లబ్బు బ్యాటన్ ఉంది.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా అంచెలంచెలుగా సాగే పందెంలో ఆఖరి అంచె అతనిది. వరుసగా మూడేళ్లు కప్పు వింజమూరు వాళ్లే ఎగరేసుకుపోయారు. ఈసారీ వాళ్ల మనిషే ముందు బ్యాటన్ అందుకుని పరుగెత్తాడు. తన జట్టువాడు ఎప్పుడొస్తాడా అని వెనక్కే చూస్తూ నిలబడ్డ మోహన్‌కృష్ణ ఆ వింజమూరు మనిషి ముఖం కూడా సరిగా చూడలేదు.

"వెనక మా వాలంటీర్ల బండి వస్తా ఉండాది. వాళ్లనడుగు!" అని అరిచి సాగిపోయాడు.

వెనక బండి లేదు. ఫొటోలు తీసేవాళ్లను ఎక్కించుకుని అది ఎప్పుడో ముందుకు వెళ్లిపోయింది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

నాలుగడుగులు వేశాక సిగ్గేసింది. ఇంకో నాలుగడుగులు వేశాక, ఎవరో ఒకరు ఆగకపోతారా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆత్మకూరు చేరేసరికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. చూస్తే, రిబ్బన్ ఇంకా తెగలేదు!

"మనమే ఫస్టు!" క్లబ్బు సెక్రటరీ పెంచలప్రసాద్ వాటేసుకున్నాడు.

"వింజమూరోడు యాడ?"

"కాలు పట్టేసి యాడో కూలబడుంటాడులే. దారిలో కనపడలా?"

"లేదే."

ఓ గంటకు స్టేజీ ఎక్కించి దండ వేశారు. మైకు చేతికిచ్చారు.

"వింజమూరోళ్లకి ఈసారి ఊపిరి చాలినట్టు లేదు" అన్నాడు మోహన్‌కృష్ణ.

జనం పగలబడి నవ్వారు.

కప్పు ఇంకా చేతికి రాలేదు, జనాన్ని తప్పించుకుంటూ ఆ చొక్కా లేని మనిషి వస్తూ కనిపించాడు. నిక్కరంతా నెత్తురూ మట్టీ.

"ప్రైజులిచ్చేటప్పుడు ఏంది నువ్వు? పక్కకి పో" అని గదిమాడు పెంచలప్రసాద్.

ఇంతమందిలో ఆ మనిషి నోరు విప్పితే మోహన్‌కృష్ణ పరువు పోయినట్టే. గబగబా స్టేజీ దిగి అతణ్ని పక్కకు తీసుకుపోయాడు.

"ఆమెకెట్టుండాది?"

"ఆస్పత్రిలో చేర్చినానన్నా. ప్రాణానికేం భయం లేదన్నారు. మీరు చెప్పిన బండి కోసం చానాసేపు చూసినాను. రాలా. పాపం, దానికేమైందో ఏమో. భుజాన వేసుకుని నడస్తా ఉంటే ఆటో దొరికింది."

గొంతులో నిష్ఠూరం లేదు. తను చెప్పిన అబద్ధాన్ని ఆ మనిషి ఇంకా నమ్ముతూనే ఉన్నాడు. మోహన్‌కృష్ణ తలెత్తలేకపోయాడు.

"నీకేం కావాలో చెప్పు. ముందు చొక్కా తెప్పిస్తాను."

"నాకేం వద్దన్నా" అన్నాడతను, మొహమాటంగా. "మా వింజమూరు టీము వాళ్లు యాడుండారో చూపిస్తారా? పందెం మధ్యలో వదిలేసినాను, తప్పయిందని చెప్పుకోవాల."