నొప్పి ఆగిన పన్ను

పిడుగురాళ్ల స్టేషన్లో వేడి కాఫీ ఒక్క గుక్క తాగి, అమరేశ్వరరావు దవడ పట్టుకున్నాడు.

గుక్క గొంతు దిగింది. బండి కదిలింది. సున్నపు బట్టీల పొగ వెనకబడింది. నొప్పి మాత్రం దిగలేదు.

భార్య శేషారత్నం సంచిలోంచి లవంగం తీసి ఇచ్చింది.

"వేడి తగిలితేనేనా అయ్యా, ఊరికే కూడా పోటు పెడతదా?"

అడిగింది ఎదుటి బల్ల మీది ముసలామె. తెల్ల చీర, ఒళ్లో చిన్న మూట. తోడెవరూ లేరు.

"పడుకుంటే చాలు పెద్దమ్మా, చెవి దాకా పొడుస్తంది," అన్నాడు అమరేశ్వరరావు.

"చిగురు మీద చీముపొక్కు లేసిందా?"

"లేసింది, పగిలింది. మళ్లా లేసింది," అంది శేషారత్నం. "పన్ను కూడా నల్లబడతంది."

ముసలామె ముందుకు వంగింది.

"అయితే ఆలస్యం చెయ్యమాకండి. లోపల నరం చస్తంది. గుంటూరులో పళ్ల డాక్టరున్నాడు. పన్నుకు బెజ్జం పెట్టి, వేరులో కుళ్లిందంతా లాగేసి, కడిగి మూసేస్తాడంట. పన్ను పీకే పని కూడా లేదంట. ఆయన్నే అడిగి వస్తన్నా."

"నీకూ ఇదే బాధా?"

"నాకు పళ్లెక్కడున్నయ్యయ్యా!"

మరి ఎవరి కోసం అడిగావని శేషారత్నం అనబోయింది. అంతలో నడికుడి వచ్చింది. జనం పెట్టె మీద పడ్డారు.

"అమరేశ్వరరావు గారికీ... జై!"

అమరేశ్వరరావు నిలబడ్డ సమితి ప్రెసిడెంటు ఎన్నిక దగ్గరికొచ్చింది. ఆయన కుడిభుజం కోటయ్య పూలదండతో పెట్టెలోకి ఎక్కాడు.

ఆ పేరు చెవిన పడగానే ముసలామె మొహంలో నెత్తురు లేదు. మూట తీసుకుని ఆ చివరికి పోయి, అటు తిరిగి కూర్చుంది.

పెద్దవాళ్లని తెలిసి బెదిరిందేమో అనుకుంది శేషారత్నం.

"యల్లమంద మళ్లా మొదలెట్టాడండీ," అన్నాడు కోటయ్య. "చచ్చిన వాళ్లన్నకి మీరే విషం పెట్టించారంట. మీకు ఉరి పడిందాకా నిద్రపోడంట."

"పోనీరా. పోటీకొచ్చినోడు పొగుడుతాడా?"

ఆయన నవ్వాడు. శేషారత్నం నవ్వలేదు. మా ఆయన పెట్టించాడా, లేదా? కేసు పడ్డ నాటి నుంచి ఆ ప్రశ్న ఆమె గొంతులోనే ఉంది. అడిగే ధైర్యం లేదు.

గురజాలలో దిగారు. వెనకనుంచి ఎవరో శేషారత్నం చెయ్యి పట్టుకున్నారు. ముసలామె!

"నొప్పి పోయిందని సంబరపడమాక తల్లీ. చచ్చిన పన్ను అరవదు. చీము కిందికి దారి చేసుకుంటది. దవడ కింద వాచి, మింగుడు పడకపోతే ఇక మన చేతిలో ఉండదు. రేపే తీసకపో."

"ఇంత చెప్తన్నావు, ఎవరమ్మా నువ్వు?"

ముసలామె నోరు తెరిచింది. దండలు వేసుకుని నిలబడ్డ అమరేశ్వరరావు వైపు చూసింది. మూసుకుంది.

"యల్లమంద పంపిన మనిషండీ!" కోటయ్య మధ్యలోకొచ్చాడు. "ఎన్నిక ముందు శకునం చెడగొట్టటానికి వచ్చింది. పోవే ముసల్దానా!"

శేషారత్నం కూడా చెయ్యి విదిలించుకుంది. "చావుమాటలు మాట్లాడమాక. పో."

ఆమె మళ్లీ ఎక్కాల్సిన బండి అప్పటికే మాచర్ల వైపు వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు నొప్పి పోయింది. పొద్దున్నే పెరట్లోంచి అమరేశ్వరరావు కేక వేశాడు.

"రత్నం! ఇయ్యాల మాంసం ఒండు. బొమికలు కొరకాల!"

ముసలామె మాట గుర్తొచ్చి శేషారత్నం పెరట్లోకి పరుగెత్తింది. "ఒకసారి గుంటూరు పోయొద్దామండీ."

"పిచ్చిదానా, నొప్పి లేని పన్నుకు వైద్యమేంది? ఎన్నిక కానీ."

ఎన్నిక అయింది. గెలిచాడు. ఊరేగింపులో చేతులు జోడించాడు గాని, మాట ముద్దగా వచ్చింది. దవడ కింద ఉబ్బింది. మర్నాటికి నోరు తెరుచుకోలేదు. ఉమ్ము కూడా గొంతు దిగలేదు.

జీపులో పడుకోలేకపోయాడు. కూర్చునే, ప్రతి ఊపిరికీ మెడ చాచుతూ గుంటూరు చేరాడు.

డాక్టరు నోటి పక్కనుంచి లైటు వేసి చూశాడు.

"ఈ పన్ను నొప్పి ఉన్నప్పుడే రావాల్సిందమ్మా."

సాయంత్రానికి ఆ ఊపిరి ఆగిపోయింది.

శవం ఊరు చేరక ముందే మాట చేరింది. యల్లమంద విషం పెట్టించాడు. అన్నకు బదులు తీర్చుకున్నాడు.

"పన్నురా, పన్ను!" అని శేషారత్నం మొత్తుకుంది. ఎవరూ వినలేదు.

"పన్నుకు మనిషి చస్తాడా అమ్మా?" అన్నాడు కోటయ్య. "కర్మ అయిందాక ఆగుతాం. ఆ తర్వాత వాళ్ల ఇంట్లో కూడా ఏడుపే."

పెద్దకర్మ నాడు వాకిట్లో బరిసెలు గోడకు ఆనించి ఉన్నాయి. మగవాళ్లు వాటి పక్కనే కూర్చున్నారు.

వాళ్ల మధ్యనుంచి, ఎవరినీ చూడకుండా, రైల్లో కనిపించిన ముసలామె నడిచి వచ్చింది.

శేషారత్నం ఎదురు పరుగెత్తి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పావు పెద్దమ్మా. నేనే ఇనలా. నిన్ను పొమ్మన్నా."

"నేనూ సగమే చెప్పా తల్లీ. మిగతాది చెప్పటానికి నోరు రాలా. మా ఇంట్లో చెప్తే కొడుకు ఇనలా. అందరూ ఇనాలనే ఇయ్యాల వచ్చా."

ముసలామె గొంతు పెంచింది.

"మీ ఆయన విషం పెట్టలా అమ్మా. నా పెద్దోణ్ణి కూడా పన్నే తీసకపోయింది," అంది యల్లమంద తల్లి.